పల్లె ఇంట్లో ఆయిల్ పొయ్యి: కరెంటుకు మార్చాలా, వేసవిలో ఆపితే చాలా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో హెర్ఫర్డ్‌షైర్ పల్లెలో ఉంటున్నాం. మావారు డాక్టరు. నిరుడు ఒక పాత ఫామ్‌హౌస్ కొన్నాం. ఊరికి గ్యాస్ లైన్ లేదు. వంటింట్లో ఆయిల్‌తో నడిచే, ‘ఆగా’ అనే బ్రాండు రెండు ఓవెన్ల పొయ్యి ఉంది, రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. నీళ్లకూ గదులకూ వేరే ఆయిల్ బాయిలర్ ఉంది. ఏడాదిలో మూడుసార్లు వెయ్యేసి లీటర్లు నింపించాం, లీటరు 60 పెన్స్ పడింది. ఖర్చు తగ్గుతుందని, బాయిలర్ వేడితో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు బాగా తగ్గించి, పిల్లలకు ఇంట్లోనే స్వెటర్లు వేస్తున్నాం. పొయ్యిని కరెంటుకు మార్చడానికి 5,500 పౌండ్లు అడుగుతున్నారు, ఖర్చు సగమవుతుందని చెబుతున్నారు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీయాలి. మార్చుకోమంటారా? అక్టోబరులో అత్తయ్యగారు కూడా వస్తున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆయిల్ బిల్లు కాదు, పిల్లల స్వెటర్లు. మీరు పొదుపు చేస్తున్నది బాయిలర్ దగ్గర. ఆయిల్‌లో ఎక్కువ భాగం తాగుతున్నది మాత్రం పొయ్యి.

లెక్క చూడండి. రెండు ఓవెన్ల పాతరకం ఆయిల్ ఆగా వారానికి సుమారు 40 లీటర్లు కాలుస్తుంది. 52 వారాలకు 2,080 లీటర్లు. మీరు ఏడాదికి కొన్నది 3,000 లీటర్లు. అంటే ఇల్లంతా వెచ్చబెట్టి స్నానాలకు నీళ్లు కాచిన బాయిలర్‌కు వెళ్లింది వెయ్యి లీటర్ల లోపే. మిగతా 1,250 పౌండ్ల ఆయిల్ వంటింట్లోనే అయిపోయింది. రేడియేటర్ ఇంకో మెట్టు తగ్గించినా మీకు మిగిలేది చాలా తక్కువ. దయచేసి పిల్లల గది మళ్లీ వెచ్చగా ఉంచండి.

ఇది మీ తప్పు కాదు. ఆ పొయ్యి పుట్టుకే అలాంటిది. 1922లో గుస్తాఫ్ డాలెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు. నోబెల్ బహుమతి అందుకున్న మనిషి, పేలుడు ప్రమాదంలో చూపు పోయింది. పొయ్యిలో మాటిమాటికీ ఇంధనం వేస్తూ కనిపెట్టుకుని ఉండే పని లేకుండా, ఎప్పుడూ వేడిగా ఉండే పోత ఇనుప పొయ్యి కావాలనుకున్నాడు. ఆ ఇనుము వేడిని దాచుకుని రోజంతా నెమ్మదిగా వదులుతుంది. మీరు పప్పు ఉడికించినా ఉడికించకపోయినా ఆయిల్ దాదాపు అంతే కాలుతుంది. అందుకే దీన్ని వంట ఖర్చు కింద కాకుండా, ఒక గదికి పెట్టిన హీటర్ ఖర్చు కింద రాసుకోండి. అలా రాసుకుంటే జవాబు దానంతటదే కనిపిస్తుంది: జూలైలో ఆ హీటర్ ఎందుకు?

మే మొదటి నుంచి సెప్టెంబరు చివరి దాకా, 22 వారాలు పొయ్యి ఆపేయండి. 880 లీటర్లు మిగులుతాయి, మీ ధర ప్రకారం 528 పౌండ్లు. ఆ రోజుల్లో వంటకు రెండు ప్లేట్ల ఇండక్షన్ స్టవ్ చాలు. నలుగురి ఇంట్లో మన వంటకు రోజుకు 2 యూనిట్లు అనుకుందాం. యూనిట్ 25 పెన్స్ చొప్పున 22 వారాలకు సుమారు 77 పౌండ్లు. స్టవ్‌కు మరో వంద, నూట యాభై పోయినా మొదటి వేసవిలోనే 300 పౌండ్లు మిగులుతాయి, ఆపైన ఏటా 450. ఒక్క జాగ్రత్త, మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. గిన్నె అడుగున అయస్కాంతం అతుక్కోవాలి, అడుగు చదునుగా ఉండాలి. గుండ్రటి మూకుడు ఆగా మీద కూడా సరిగ్గా కూర్చోదు కాబట్టి ఆ అలవాటు మీకు ఈపాటికే పోయి ఉంటుంది.

ఇక కరెంటుకు మార్చే సంగతి. లీటరు ఆయిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. 60 పెన్స్‌కు 10 యూనిట్లంటే యూనిట్‌కు 6 పెన్స్. కరెంటు యూనిట్ 25. ఆయిల్ వేడిలో కొంత పొగగొట్టంలో పోతుందన్నది నిజమే, కానీ ఆ తేడా నాలుగు రెట్ల ధరను పూడ్చలేదు. మార్చిన పొయ్యిని ఇప్పటిలా రోజంతా వేడిగా ఉంచితే బిల్లు తగ్గదు, పెరుగుతుంది. వాళ్లు చెప్పే సగం ఎప్పుడు సాధ్యమంటే, అవసరమైన ప్లేటు, ఓవెన్ మాత్రమే వేసి, పనయ్యాక ఆపేసినప్పుడు. అప్పుడు వంటింటి వెచ్చదనం పోతుంది. ఆగా ఉన్న పాత వంటిళ్లలో చాలాచోట్ల రేడియేటరే ఉండదు. మీ ఇంట్లో ఉందో లేదో చూడండి. లేకపోతే దాని ఖర్చు కూడా ఆ 5,500 పక్కన రాయండి.

వేసవిలో ఆపాక మీ పొయ్యికి మిగిలే ఖర్చు 30 వారాలకు 1,200 లీటర్లు, అంటే 720 పౌండ్లు. అది నిజంగానే సగమైందనుకున్నా ఏడాదికి 360 మిగులు. 5,500 తిరిగి రావడానికి పదిహేనేళ్లు దాటుతుంది. అందుకోసం ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు. ఉద్యోగం మారినా, ఇండియాకు అర్ధరాత్రి టికెట్లు కొనాల్సి వచ్చినా మీకు అండగా ఉండేది ఆ డబ్బే.

ఇప్పుడు వేసవిలో మిగిలే డబ్బు పెట్టాల్సిన చిన్న పనులు. మీకు వచ్చే హీటింగ్ ఆయిల్ మరేదో కాదు, మన రేషన్ షాపులో క్యూ కట్టి తెచ్చుకున్న కిరోసినే. మా అమ్మ ప్రతి ఆదివారం వత్తుల స్టవ్ విప్పి మసి పట్టిన వత్తులు కత్తిరించేది, లేకపోతే మంట ఎర్రగా వచ్చి గిన్నెలు నల్లబడేవి. పాతరకం ఆగా బర్నర్‌లోనూ వత్తులే ఉంటాయి, అదే మసి పడుతుంది. అందుకే ఆరు నెలలకోసారి సర్వీసు చేయించాలంటారు. ఆఫ్‌టెక్‌లో, అంటే ఆయిల్ పొయ్యిలు, బాయిలర్లు బాగుచేసేవాళ్లను నమోదు చేసే సంస్థలో, పేరున్న ఇంజనీరునే పిలవండి. నిమిషానికి ఎంత ఆయిల్ దిగుతోందో కొలిచి సరిచేయమనండి. నా 40 లీటర్లు సగటు లెక్క, మీ పొయ్యి అంతకు మించి తాగుతుంటే అక్కడ బయటపడుతుంది. పై మూత కింద నింపిన ఇన్సులేషన్ ఏళ్లు గడిచేకొద్దీ కిందికి దిగిపోతుంది, దాన్నీ చూడమనండి. వంటింట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ వారమే కొనండి, దీనికి లెక్కలు వేయకండి.

పొయ్యి ఆపిన నెలల్లో తేమకు ఇనుము తుప్పు పట్టకుండా ఓవెన్ తలుపులు కొద్దిగా తెరిచి ఉంచండి. సెప్టెంబరు చివర్లో సర్వీసు పెట్టుకుంటే ఆ ఇంజనీరే శుభ్రం చేసి వెలిగించి వెళతాడు.

ఆయిల్ కొనే పద్ధతి కూడా మార్చాలి. గ్యాస్, కరెంటుకు ఉన్నట్టు దీనికి ఆఫ్‌జెమ్ (అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ) పెట్టే ధరల పరిమితి లేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, మార్చిలో లీటరు ఒక పౌండు దాటింది. మీ కొత్త వాడకం 2,120 లీటర్లు, 60 పెన్స్‌కు 1,272 పౌండ్లు. అదే ఒక పౌండు అయితే 2,120. ఇప్పుడు ఏటా 1,800 పెడుతున్నారు కదా, ఆ నెలకు 150ని అలాగే కొనసాగించి వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆయిల్ కొన్నాక తొలి ఏడాదే ఆ ఖాతాలో 500కు పైగా మిగులుతుంది. ధర పెరిగిన ఏడాది అదే ఆదుకుంటుంది, క్రెడిట్ కార్డు తీయనక్కర్లేదు. మీ ఊళ్లో కలిసి ఆయిల్ కొనే గ్రూపు ఉందేమో చర్చి నోటీసు బోర్డు దగ్గరో, పొరుగువారినో అడగండి. పది ఇళ్లకు ఒకే ట్యాంకర్ వస్తే లీటరుకు కొన్ని పెన్స్ తగ్గుతుంది. ఇంటి ఇన్సూరెన్సులో ఆయిల్ ట్యాంకు లీకైతే నేల శుభ్రం చేసే ఖర్చు ఉందో లేదో కూడా చదవండి. అది లేకపోతే ఒక్క పగులు మీ పొదుపంతా తినేస్తుంది.

అత్తయ్యగారు వచ్చేసరికి పొయ్యి వెలిగించే ఉంటుంది. శీతాకాలం నిండా ఉంచండి, ఆ వెచ్చదనం ఇంటికి పనికొస్తుంది. ఇడ్లీ పిండి గిన్నె దాని పక్కన పెడితే ఆ చలిలోనూ తెల్లారేసరికి పొంగుతుంది, పాలు తోడుకుంటాయి.