చిత్తు కాగితానికీ చిత్తుగా ఓడటానికీ చుట్టరికం ఉందా?

సందేహం: "చిత్తు కాగితాన్ని నలిపినట్టు నలిపేస్తాడు కాబట్టే చిత్తుగా ఓడించాడు అంటారని మా మిత్రుడి వాదన. నిజమేనా? 'చిత్తు చిత్తుగా' అని రాయొచ్చా?" – బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడి ఊహ బాగుంది గానీ, ఆ మాట పుట్టింది కాగితం మీద కాదండీ, కుస్తీ గోదాలో. హిందీలో 'చిత్' అంటే వెల్లకిలా పడి ఉండటం. కుస్తీలో బోర్లా పడ్డవాడు ఇంకా ఓడినట్టు కాదు, రెండు భుజాలూ నేలకి ఆనితేనే ఓటమి, అదే చిత్. కుస్తీ, వస్తాదు, తాలింఖానా (వ్యాయామశాల) అన్నీ ఉర్దూ దారిలో మనకి వచ్చిన మాటలే, వాటితోపాటే ఇదీ వచ్చి చివర ఉకారం తగిలించుకుని తెలుగైపోయింది. తప్పతాగి చిత్తుగా పడున్నాడు అంటామే, అందులో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

ఇది మన జిల్లాలవాళ్లకి ఒకరు చెప్పాల్సిన మాటా! వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, దేశమంతా పేరు తెచ్చుకున్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి గడ్డ ఇది. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. (వీరఘట్టం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, అది వేరే సంగతి.) ఆయన సర్కస్‌లో వెల్లకిలా పడుకుని రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకునేవాడు. దాన్ని చిత్తవడం అంటామా? అనం. తనంతట తాను పడుకుంటే చిత్తు కాదు, ఎదుటివాడు పడేసి లేవనివ్వకపోతేనే చిత్తు.

అందుకే నాకు కోపం. ఒక్క వికెట్ తేడాతో ఆఖరి ఓవర్లో ఓడిన జట్టుని కూడా 'చిత్తు' అని శీర్షిక పెట్టేస్తున్నారు. 'చిత్తుగా ఓడి మట్టి కరిచారు' అని ఇంకొకరు రాస్తారు. మట్టి కరవాలంటే బోర్లా పడాలి, చిత్తవ్వాలంటే వెల్లకిలా పడాలి, ఒకే మనిషి రెండు రకాలుగా ఎలా పడతాడు? రాసేముందు ఒక్క క్షణం ఆలోచించకూడదా!

నాణెం ఎగరేసి ఆడే చిత్తుబొత్తులాటలోని చిత్తు కూడా ఈ కుటుంబానిదే, పైకి తేలిన ముఖం. చిత్తు కాగితం, చిత్తుప్రతి మాత్రం వేరే ఇంటివని నా అభిప్రాయం.

ఇక 'చిత్తు చిత్తుగా' అంటారా, మాటల్లో జోరు కోసం అంటే అననివ్వండి, నేను అడ్డుపడను. రాతలో అయితే ఒక్క చిత్తు చాలనిపిస్తుంది. మరీ ఏకపక్షంగా సాగిన ఆటైతే, సరే, రెండోది కూడా వేసుకోండి.