వరంగల్ నుంచి క్రూజ్‌కి పోవాలంటే టికెట్ ఎప్పుడు బుక్ చేస్తే చవక?

పిల్లలకు దసరా, సంక్రాంతి, వేసవి సెలవులుంటేనే కుదిరేటట్టయితే ఆరేడు నెలల ముందే బుక్ చేసుకోండి, నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ, అవే ముందు అయిపోతాయి. విదేశీ కంపెనీల ఆఫర్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తాయి. చివర్లో ధర తగ్గడం కూడా నిజమే: చాలా కంపెనీలు ప్రయాణానికి సుమారు 3 నెలల ముందు మొత్తం డబ్బు కట్టమంటాయి, వద్దనుకున్నవాళ్ల గదులు అప్పుడు మళ్లీ అమ్మకానికొస్తాయి. సెలవులతో పనిలేని ఇద్దరికైతే అదే మంచి సమయం. ఇంకా ఆగితే? అది రేవు ఊళ్లో ఉండేవాళ్లకు పనికొచ్చే లెక్క; మనం వరంగల్‌లోనో కాజీపేటలోనో చెన్నైకో ముంబైకో రైలెక్కాలి, రిజర్వేషనేమో 60 రోజుల ముందే మొదలవుతుంది, పండగ రోజుల్లో చూస్తుండగానే వెయిటింగ్ లిస్టు, ఆపైన తత్కాల్ టెన్షన్. పోర్టు ఛార్జీలు, జీఎస్టీ కలిపి ఎంతో అడగండి, ప్రకటనల్లో చాలాసార్లు అవి లేని రేటే వేస్తారు.