పిల్లల చేత రాయించాలనుకుంటున్న యువ రచయిత్రికి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ వేసవి సెలవుల్లో మీ వీధి పిల్లలకు రాయడం అలవాటు చేయాలనుకుంటున్నానని, వాళ్లకు ఏయే అంశాలు ఇస్తే బాగుంటుందని అడిగావమ్మా. నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. అయితే అంశాలు ఇవ్వవద్దనే చెబుతాను. 'నా అభిమాన నాయకుడు', 'వేసవి సెలవులు' అని బోర్డు మీద రాశావంటే, పిల్లలు బడిలో కంఠస్థం చేసిన వాక్యాలనే మళ్లీ అప్పజెబుతారు. ఏప్రిల్ చివరి వారంలో పరీక్షల నుంచి బయటపడిన వాళ్లకు ఇంకొక పరీక్ష పెట్టినట్టవుతుంది.

దానికి బదులు ఇంట్లో చూసినదాన్నీ, తమ చేత్తో చేసినదాన్నీ అడుగు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇవి ఆవకాయ రోజులు. "మా అమ్మమ్మ ఆవకాయ పెట్టింది, చాలా బాగుంది" అని రాసి ఒక పిల్లవాడు పుస్తకం నీ ముందు పెడతాడు. దాన్ని వెంటనే దిద్దకుండా ప్రశ్నలు అడుగు. కాయలు ఎవరు తెచ్చారు? ముక్కలు ఎవరు కొట్టారు? జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, ముక్కల్ని గుడ్డతో తుడిచే పని ఎవరికి అప్పగించారు? ఆ పని చాలా ఇళ్లలో పిల్లలదే కనుక వాడికి అన్నీ తెలుసు, కానీ అవి రాయదగిన సంగతులని ఎవరూ వాడితో అనలేదు. వాడు నోటితో చెప్పినదాన్ని చెప్పినట్టే రాయించు. మూడో రోజు జాడీలో పచ్చడి తిరగకలిపేటప్పుడు మళ్లీ వెళ్లి చూసి రమ్మను. నూనె పైకి తేలిందో లేదో, ఉప్పు చాలలేదని మొదట అన్నది ఎవరో, ఈసారి రాయాలన్న ఎరుకతో చూస్తాడు కాబట్టి రెండో రాత మొదటిదానికన్నా తప్పకుండా నిండుగా ఉంటుంది.

తప్పుల విషయంలో మాత్రం ఎంతో ఓర్పు కావాలి. ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడినా, ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర వాళ్ల చెయ్యి తడబడుతుంది. ప్రతి తప్పు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టావంటే మర్నాటికి తప్పులతో పాటు వాక్యాలూ తగ్గిపోతాయి, ఎందుకంటే 'జ్ఞాపకం' అని రాయలేని పిల్ల ఆ మాటతో పాటు ఆ జ్ఞాపకాన్నే వదిలేసి, తనకు రాయవచ్చిన మాటలతో సరిపెట్టుకుంటుంది. ఒక పూటకు ఒక రకం తప్పు చూపిస్తే చాలు. ఇంటి యాసను తప్పుగా లెక్కపెట్టవద్దు.

రాసినదాన్ని చదివేవాళ్లు కూడా ఉండాలి. 50 పైసల పోస్టుకార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ఊళ్లో ఉన్న తాతయ్యకో, పెద్దమ్మకో రాయించు. కార్డు అందిందని అవతలి నుంచి ఫోను వస్తే, ఆ పిల్ల చేత రెండో కార్డు రాయించడానికి నువ్వు బతిమాలనక్కరలేదు. వారానికి ఒకసారి అందరినీ గ్రంథాలయానికి తీసుకెళ్లు. ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం 1914లో ఈ బెజవాడలోనే ఏర్పడింది. అలాంటి ఊళ్లో పుట్టిన పిల్లలు ఎండాకాలమంతా గ్రంథాలయం గడప తొక్కకుండా గడపడం నాకు బాధ కలిగిస్తుంది.

రోజుకు అరగంట చాలు. ఎండ ముదరకముందే ముగించు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఎవరినీ రప్పించవద్దు.

ఇక నీ సంగతి. వాళ్లు రాస్తున్నంతసేపు నువ్వు పర్యవేక్షణ చేస్తూ తిరగకుండా, వాళ్ల మధ్యనే కూర్చుని నీ కథ నువ్వు రాసుకో, రాసినంత మేరకు వాళ్లకు చదివి వినిపించు. "ఆవిడ ఎందుకు ఏడ్చింది?" అని వాళ్లు అడిగిన చోట కథలో కారణం ఉన్నదో లేదో వెతుక్కో. అచ్చయిన కథల గురించి పెద్దవాళ్లు మొహమాటంతో మెచ్చుకుంటారు గాని, ఆ ప్రశ్న నిన్ను ఎవరూ అడగరు.

జూన్‌లో బడులు తెరిచాక ఆ పిల్లల రాతలు రెండు మూడు, తప్పులు దిద్దకుండా, నాకు పంపించు. వాళ్లకు విడివిడిగా జవాబు రాస్తాను.

ఆశీస్సులతో.