చలికాలం చిటపటలు, ఎర్తింగ్ లేని ప్లగ్గులు

ప్రశ్న: అన్నా, నమస్తే. బల్లార్‌పూర్‌లో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను. చలి మొదలైనప్పటి నుంచి స్వెటర్ విప్పితే చిటపటలు, షట్టర్ ముట్టుకుంటే చురుక్కుమనడం. క్యాబినెట్ మీద చెయ్యి వేసినా సన్నగా జిల్లుమంటోంది. ఈమధ్య ఇద్దరు కస్టమర్ల ర్యామ్‌లు నా చేతుల్లోనే పోయాయి. రిస్ట్ స్ట్రాప్ (మణికట్టుకు కట్టుకుని, వైరుతో ఎర్త్‌కి కలిపే పట్టీ) కొంటే సరిపోతుందా? ఎర్త్ లేకపోతే ఆ వైరును న్యూట్రల్‌కి కలుపుకోమని మా దగ్గర కొందరు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, బల్లార్‌పూర్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ న్యూట్రల్ మాట వదిలేయండి. లైన్లో ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఆ వైరు మీదికి ఫేజ్ (షాక్ కొట్టే వైరు) కరెంటే వస్తుంది. సాకెట్ బిగించినవాడు ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసినా అంతే. అలాంటి సాకెట్లు చంద్రపూర్ పాత ఇళ్లలో నేను చాలానే చూశాను. మీకు ఈ సలహా ఇచ్చినవాళ్లను తమ మణికట్టుకు కట్టుకుని చూపించమనండి, ఒక్కరూ ముందుకు రారు.

షట్టర్ దగ్గరిదీ క్యాబినెట్ దగ్గరిదీ ఒకటే అనుకుంటున్నారు, కాదు. షట్టర్ ఒక్కసారి చురుక్కుమనిపించి ఊరుకుంటుంది. అది స్టాటిక్, అంటే రాపిడికి ఒంటి మీద పేరుకునే చార్జి. క్యాబినెట్ మాత్రం చెయ్యి ఉంచినంతసేపూ జిల్లుమంటూనే ఉంటుంది కదా, అది స్టాటిక్ కాదు, మీ షాపుకు ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో దాదాపు సగం బాడీ మీద నిలబడుతుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి జిల్లుతో సరిపోతోంది. కానీ సిస్టమ్ ఆన్‌లో ఉండగా మానిటర్ కేబులో ప్రింటర్ కేబులో గుచ్చితే పోర్టు పోవడానికి ఆ మాత్రం చాలు.

అందుకని స్ట్రాప్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీటరు పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా రావాలి. త్రీపిన్ సాకెట్ ఉంది కదా అని నమ్మకండి. పై పెద్ద రంధ్రం వెనక వైరే ఉండని సాకెట్లు కోకొల్లలు. ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత ఉన్నా, మన దగ్గర మే నెలలో ఎండకు నేల రాయిలా అయిపోతుంది. గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయించండి.

ఇక స్టాటిక్. మన వేలికి చురుక్కు తెలియాలంటే 3,000 వోల్టుల దాకా కావాలి. చిప్ పాడవడానికి 100, 200 వోల్టులు చాలు. అంటే మీకేమీ తెలియకుండానే పని అయిపోతుంది. అప్పుడే చావకపోవచ్చు కూడా, లోపల దెబ్బ తిని కొన్నాళ్లకు మొరాయిస్తుంది, అప్పుడు కస్టమర్ మిమ్మల్నే పట్టుకుంటాడు. గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు కార్పెట్ మీద నడిస్తే ఒంటి మీద 35,000 వోల్టుల దాకా చేరవచ్చు, గాలిలో తేమ ఉంటే అదే 1,500 దగ్గర ఆగిపోతుంది. వానాకాలం మీకు ఈ గొడవ ఎందుకు లేదో చూశారా! మన షాపుల్లో కార్పెట్లు ఎక్కడివి అంటారేమో. ప్లాస్టిక్ కుర్చీలోంచి స్వెటర్‌తో లేస్తే చాలు. లేచి, నేరుగా ర్యామ్ మీద చెయ్యి వేస్తాం.

ఇంకో అనుమానం. ర్యామ్ కాంటాక్టులు నల్లబడితే మీరూ పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నారా? మనవాళ్లందరి అలవాటే అది. పొడి చలిలో రబ్బరు పెట్టి రుద్దడమంటే స్టాటిక్‌ని చేత్తో తయారుచేసుకోవడమే. పైగా ఆ పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. ఆ రెండు ర్యామ్‌లనూ అలా తుడిచి వేరే సిస్టమ్‌లో ఒకసారి వేసి చూడండి. పోయాయని పక్కన పడేసినవాటిలో మురికి పట్టినవే ఎక్కువని నా అనుభవం. మీ ఊళ్లో బొగ్గు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఆ దుమ్ము దులపడానికి నైలాన్ బ్రష్షూ ఇంట్లో వాక్యూమ్ క్లీనరూ వద్దు, రెండూ స్టాటిక్ పుట్టిస్తాయి.

ఎర్త్ సరైందని తేలాక స్ట్రాప్ కొనండి. వైరు ఉన్నదే కొనండి. వైర్‌లెస్ అని అమ్మేది చేతికి అలంకారమే. మంచి స్ట్రాప్‌లో కరెంటును అడ్డుకునే 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, పొరపాటున 230 తగిలినా ఒంట్లోంచి పావు మిల్లీ ఆంపియర్ కూడా పోనివ్వదు. మీటరు పెట్టి అది ఉందో లేదో చూసుకోండి. క్లిప్పు రంగు వేసిన రేకుకు పెడితే లాభం లేదు, ఎస్‌ఎంపీఎస్ స్క్రూ దగ్గరి ఉత్త లోహానికి పెట్టండి. ఎర్తింగ్ పని అయ్యేదాకా ప్లగ్గు పీకేసి, నూలు చొక్కాతో కూర్చుని, ప్రతి పార్టుకూ ముందు ఆ లోహాన్నే ముట్టుకుంటూ చేసుకోండి. మీరూ బోర్డూ ఒకే వోల్టేజీలో ఉంటే చాలు, అప్పుడు చార్జి ఇటునుంచి అటు దూకదు.

ప్రశ్న: అన్నయ్యా, నా ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) నేనే మార్చుకుందామనుకుంటున్నాను. సిరొంచలో స్ట్రాప్ దొరకలేదు. చేయవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, సిరొంచ

జవాబు: చేసుకోండమ్మా, ఒక్క ఎస్‌ఎస్‌డీకి స్ట్రాప్ లేకపోయినా నడుస్తుంది. చార్జర్ తీసేసి, అడుగు మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్టాటిక్ కన్నా ఇది మర్చిపోయి బోర్డు కాల్చుకున్నవాళ్లే ఎక్కువ. పరుపు మీద కాదు, చెక్క బల్ల మీద చేయండి. యూఎస్‌బీ పోర్టు లోహం అంచును ముట్టుకున్నాకే ఎస్‌ఎస్‌డీని కవర్లోంచి తీసి, అంచులు పట్టుకుని పెట్టండి.

ప్రశ్న: మదర్‌బోర్డును దానితో వచ్చిన వెండి రంగు కవర్ మీద పెట్టి ఆన్ చేసి చూడవచ్చా?
– ఒక కంప్యూటర్ టీచర్, రాజురా

జవాబు: వద్దండీ. ఆ కవర్లో లోహపు పొర ఉంటుంది, అడుగున ఉన్న టంకం మొనలు పొడుచుకుపోతే షార్ట్ అవుతుంది. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి ఆన్ చేయండి. వెండి కవర్ ఉన్నది బోర్డును దాని లోపల దాచడానికే. గులాబీ రంగు కవర్ తనంత తాను స్టాటిక్ పుట్టించదు గానీ బయటి నుంచి వచ్చేదాన్ని ఆపలేదు, ర్యామ్‌లు అందులో వేసి కొరియర్ చేయకండి.