న్యూయార్క్ 'లిటిల్ ఇండియా'లో ఉండేది భారతీయులేనా?

కాదు, క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌కు ఆ పేరు కాపురాల వల్ల కాదు, దుకాణాల వల్ల వచ్చింది. 1965 వలస చట్టం దేశాలవారీ కోటాలను ఎత్తేశాక మనవాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లారు. 1970ల నుంచి 74వ వీధిలో చీరలు, బంగారం, కిరాణా షాపులు వెలిశాయి. కాస్త స్థిరపడగానే చాలా కుటుంబాలు లాంగ్ ఐలాండ్, న్యూజెర్సీ శివార్లలో ఇళ్లు కొనుక్కుని, పండగ షాపింగ్‌కు మాత్రం ఇక్కడికే వచ్చేవి. పక్కనున్న 73వ వీధినే చూడండి: బంగ్లాదేశీ దుకాణాలు ఎంత పెరిగాయంటే, 2023లో దానికి 'బంగ్లాదేశ్ స్ట్రీట్' అని అదనపు పేరు పెట్టారు. నేపాలీ, టిబెటన్ మోమోల హోటళ్లూ అక్కడే. బోర్డులు చూసి పేటంతా 'దేశీ'లదే అనుకోవడం మామూలే, కానీ అది పక్కవాళ్లకు అన్యాయం చేసే పొరపాటు. అక్కడ అన్నిటికన్నా పెద్ద వర్గం కొలంబియా, ఈక్వడార్ లాంటి దేశాల నుంచి వచ్చిన లాటినోలు.