సీమలో శాకాహారి పస్తులుండాల్సిన పనే లేదు

"వచ్చే నెల అమ్మానాన్నలతో గండికోట, అహోబిలం, మంత్రాలయం చూడ్డానికి వెళ్తున్నాం. ముగ్గురం శాకాహారులమే. రాయలసీమలో మాకు తినడానికేమైనా దొరుకుతుందా, పులిహోర, పచ్చళ్లు కట్టుకుని వెళ్లాలా?" అని అడిగారు. ఈ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మాది అనంతపురం. డ్రిప్ పైపుల కంపెనీలో పని. పదకొండేళ్లుగా అనంతపురం, కర్నూలు, కడప పల్లెలన్నీ బండి మీద తిరుగుతున్నాను. 2022లో జిల్లాలను విడగొట్టారు కానీ నా నోటికి ఇంకా పాత పేర్లే వస్తాయి. నేను దాదాపు శాకాహారిని. సంక్రాంతికి మా మేనత్త ఇంటికి వెళ్తే ఆమె పెట్టే చేపల పులుసు కాదనలేను, అందుకే ‘దాదాపు’ అన్నాను. మిగతా ఏడాదంతా పప్పు, కూరలు, పచ్చళ్లే. తిండి అంటే నాకు ప్రాణం. ఒక్క పూట కూడా ఏదో ఒకటిలే అని తినను.

సీమ అంటే నాటుకోడి, పొట్టేలు మాంసం అని సినిమాలు, యూట్యూబ్ వీడియోలు జనం బుర్రల్లోకి ఎక్కించేశాయి. మాంసం మాకు పండగకూ, చుట్టాలొస్తేనూ చేసే వంట. రోజూ ఇంట్లో తినేది వేరే. ఆ రోజువారీ తిండి హోటల్ బోర్డు మీద ఉండదు. చిక్కంతా అక్కడే.

ఒక సంగతి చెప్తాను. 2018లో ఒక శనివారం మా అక్కనూ బావనూ బెలూం గుహలకు తీసుకెళ్లాను. బావది విజయవాడ, గుడ్డు కూడా ముట్టని మనిషి. ఆ గుహలు మొత్తం 3,229 మీటర్లు. అందులో సందర్శకులను పోనిచ్చేది సగం దాకానే అయినా లోపల ఉక్కకు చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. తాడిపత్రి వైపు కాస్త దూరం పోయాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపించింది. ముందు నాపరాళ్లు వేసుకున్న రెండు లారీలు ఆగి ఉన్నాయి. బోర్డు మీద ‘నాటుకోడి సంగటి’ అని ఎర్ర అక్షరాలు. బావ ముఖం వాడిపోయింది. "అరటిపళ్లు కొనుక్కుందాం పద" అన్నాడు.

లోపల యాభై అయిదేళ్ల పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉంది. అడిగితే, "ఈడ కోడి, పొట్టేలు, అంతే నాయనా. మీకేం పెట్టాల నేను?" అంది. అప్పుడు నేను అడిగాను: "అమ్మా, నువ్వు ఏం తిన్నావు మధ్యాహ్నం?"

"నాదేముండాది. శనివారం కదా, నీసు ముట్టను. సంగటి లోకి ఇంత ఊరుబిండి దంచుకున్యా. అది మీకెట్ల పెట్టేది, ఊరికి కొత్తోళ్లు."

"అదే పెట్టమ్మా" అన్నాను.

బావ మొహమాటపడుతూనే గిన్నెల సంగతి అడిగాడు. ఆమె ఏమీ అనుకోలేదు. శనివారం గిన్నెలు వేరే ఉంటాయంది, గూట్లోంచి తీసి చూపించింది. కొత్తగా సంగటి కెలికింది. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూత పెట్టి సెగ తగ్గించి, తర్వాత గిన్నెను రెండు కాళ్ల మధ్య అదిమి పట్టి తెడ్డుతో తిప్పుతుంటే ఆమె ముంజేతి నరాలు తేలాయి. చేయి నీళ్లలో ముంచి, వేడి ముద్దను అరచేతుల మధ్య ఆడించి తట్టలో వేసింది. ముద్ద నడుమ వేలితో గుంత చేసి నెయ్యి పోసింది. పక్కన ఊరుబిండి: వేయించిన శనక్కాయ విత్తనాలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ (వెల్లుల్లి), పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ). రోట్లో దంచింది కాబట్టి విత్తనాలు అక్కడక్కడ పలుకులుగా తగులుతున్నాయి. మిక్సీలో వేస్తే ఆ పలుకు పోతుంది, అది ఊరుబిండి కాదు, ఇడ్లీ చట్నీ అవుతుంది. బావ సంగటిని నమలబోతే, "నమలగాకు నాయనా, మింగల్ల" అని చెప్పింది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. మా అక్క ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది, ఇంట్లో ఒకటిన్నర చపాతీ తినే మనిషి అని.

లెక్క కట్టేటప్పుడు సంగటికి మాత్రమే డబ్బులు తీసుకుంది. ఊరుబిండికి ఇస్తానంటే వద్దంది. "అది అమ్మేది కాదు కదా" అంది.

ఆ రోజు నుంచీ ఏ ఊళ్లో అయినా వంట చేసే మనిషిని ‘మీరేం తిన్నారు’ అని అడగడం నాకు అలవాటైంది. శనివారం వెంకటేశ్వరస్వామికనో, సోమవారం శివుడికనో నీసు మానేసే ఇళ్లు మా దగ్గర లెక్కలేనన్ని. ఆ రోజుల్లో వాళ్లేమీ పస్తులుండరు కదా! అనంతపురంలో ఏడాది మొత్తం కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానకు ఎర్రనేలలో నిలబడింది శనక్కాయ, అందుకే మా ప్రతి పచ్చట్లో అదే. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి, అక్కడ జొన్న. వేడి జొన్నరొట్టె మీద గురెళ్ల (వెర్రినువ్వుల) కారం, గడ్డపెరుగు వేసుకుని తినండి, పనీర్ బటర్ మసాలా గుర్తుకు రాదు.

పనీర్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. హైవే మీద ‘ప్యూర్ వెజ్’ అని పెద్ద బోర్డులున్న హోటళ్లలో దొరికేది గోబీ మంచూరియా, అదే ఎర్రరంగు పనీర్ కూర. మదనపల్లె టమాటా పక్కనే పండుతుంటే వీళ్లు సాసు సీసాలు పోస్తారు. నాకు కోపం వస్తుంది. హైదరాబాద్‌లో ‘సీమ రుచులు’ అని పెట్టి ప్రతి దాంట్లో గుప్పెడు కారం గుమ్మరించేవాళ్ల మీద ఇంకా కోపం. మా వంటలో కారం ఉంటుంది, నిజమే. దాని పక్కన పులుపు, శనక్కాయ కమ్మదనం, నెయ్యి కూడా ఉంటాయి.

ఇంకో బాధ సత్రాలతో. ఒక క్షేత్రంలో భోజనానికి కూర్చోబోతే ఇంటిపేరు, గోత్రం అడిగారు. లేచి వచ్చేశాను. ఆకలితో వచ్చిన మనిషిని ముందు కులం అడిగి తర్వాత విస్తరి వేసే పద్ధతి ఎప్పటికి పోతుందో. మీరు మాత్రం వెళ్లే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అమ్మానాన్నల ముందు ఆ ఇబ్బంది పడొద్దు. మంత్రాలయం గురించి దిగులు లేదు, మఠంలో రోజూ అన్నప్రసాదం ఉంటుంది. పరిమళ ప్రసాదం తెచ్చుకోవడం మరిచిపోకండి.

పొద్దున టిఫిన్ అయితే మీకు అసలు టెన్షనే లేదు. కర్నూలు, అనంతపురంలో ఉగ్గాని బజ్జి తినండి. బొరుగులు (మరమరాలు) నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. తొమ్మిది లోపలే వెళ్లండి, ఆ తర్వాత బొరుగులు బిగుసుకుంటాయి. కడప వైపు ఎర్రకారం దోశ. కొన్నిచోట్ల అదే పెనం మీద గుడ్డు దోశ కూడా వేస్తారు కాబట్టి మీకు పట్టింపు ఉంటే తెల్లారగానే మొదటి దోశ వేయించుకోండి.

గండికోటకు జమ్మలమడుగు నుంచే పోవాలి. మధ్యాహ్న భోజనం జమ్మలమడుగులోనే ముగించి, సాయంత్రం పెన్నా లోయ దగ్గరికి వెళ్లండి, ఎండ కూడా తగ్గుతుంది. మీ నాన్నగారికి కారం పడకపోతే ముందే చెప్పండి, పప్పు, నెయ్యి, మజ్జిగ లేని ఇల్లు మా దగ్గర ఉండదు.

పచ్చళ్లు కట్టుకోవద్దు. ఆ డబ్బా ఖాళీగా తెచ్చుకోండి. కడప నుంచి రాయచోటి వైపు పోయే పని పడితే ఘాట్ దగ్గర గువ్వలచెరువులో ఆగండి, అక్కడి పాలకోవా అందులో పెట్టించుకోవచ్చు.