ఇంటర్వ్యూ దుస్తులకు అప్పు చేయాలా?

ప్రశ్న: నేను 26 ఏళ్ల యువతిని. ఖమ్మంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం మానేసి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ప్రభుత్వ రంగ బ్యాంకుల నియామకాలు చేపట్టే ఐబీపీఎస్ నుంచి పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పొదుపు రూ.62,000, నెల ఖర్చు రూ.11,000. బ్లేజర్ ఉండి తీరాలని కోచింగ్‌లో అందరూ చెబుతున్నారు. బ్లేజర్ సెట్టు, బూట్లు, బ్యాగు కలిపి రూ.24,000 అవుతుంది. పొదుపును ముట్టుకోకుండా ఒక లోన్ యాప్‌లో తీసుకుని, నెలకు రూ.4,500 చొప్పున ఆరు నెలల్లో తీర్చాలని ఆలోచన. ప్రాసెసింగ్ ఫీజు కింద రూ.1,416 ముందే మినహాయించుకుంటారు. రుణం మంజూరైంది కానీ ఇంకా తీసుకోలేదు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. పొదుపును ముట్టుకోకుండా అప్పుతో గట్టెక్కుతామనే లెక్క ఉద్యోగాన్వేషణలో ఉన్న చాలామంది వేస్తున్నదే కాబట్టి మీ ప్రశ్నకు కాస్త వివరంగానే సమాధానం ఇస్తున్నాను. ప్రస్తుతం మీకు జీతం లేదు. అలాంటప్పుడు ఆ రూ.4,500 వాయిదా వచ్చేది కూడా ఆ పొదుపులోంచే కదా! ఇప్పుడున్న ఖర్చుతో మీ డబ్బు అయిదు నెలలు దాటి వస్తుంది. వాయిదా తోడైతే నెల ఖర్చు రూ.15,500 అవుతుంది, నాలుగు నెలలకే ఖాతా ఖాళీ అవుతుంది, అప్పటికి ఇంకా రెండు వాయిదాలు మిగిలే ఉంటాయి. ఫీజు పోగా మీ చేతికి వచ్చేది రూ.22,584, మీరు కట్టేది రూ.27,000. ఆరు నెలలకు నాలుగు వేల పైచిలుకే కదా అని తీసిపారేయకండి. తగ్గుతూ పోయే అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 60 శాతం దాటిన వడ్డీ. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రుణదాత ఇచ్చి తీరాల్సిన వివరాల పత్రంలో వార్షిక రేటు ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి.

ఇందులో అసలు ప్రమాదం మరొకటి ఉంది. మీరు వెళుతున్నది బ్యాంకు ఉద్యోగానికి. చేరే నాటికి అభ్యర్థి రుణ చరిత్ర సవ్యంగా ఉండాలని ఐబీపీఎస్ తన ప్రకటనల్లో స్పష్టంగా చెబుతోంది. రుణాలు, క్రెడిట్ కార్డు బకాయిలు ఎగవేసిన వారు నియామకానికి అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన ప్రకటనల్లో రాస్తోంది. ఇంటర్వ్యూ తర్వాత తుది ఫలితం, బ్యాంకు కేటాయింపు, నియామక పత్రం అన్నీ పూర్తయ్యేసరికి నెలలు గడుస్తాయి. చివరి రెండు వాయిదాలు తప్పే అవకాశం ఉన్నది కూడా ఆ రోజుల్లోనే. ఉద్యోగం కోసం కొన్న బ్లేజర్ బాకీ ఆ ఉద్యోగానికే అడ్డుపడే పరిస్థితిని చేజేతులా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక దుస్తుల సంగతి. తుది ఎంపికలో మెయిన్స్ రాత పరీక్షకు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం చొప్పున వెయిటేజీ ఉంటుంది, అందులో బ్లేజర్‌కంటూ విడిగా మార్కులేమీ లేవు. లేత రంగు మంగళగిరి నూలు చీర గానీ, దుపట్టాతో నిండుగా ఉండే సల్వార్ కమీజ్ గానీ బోర్డు ముందు పూర్తిగా సరిపోతుంది. ఇంట్లో అక్కదో అమ్మదో మంచి చీర ఉంటే కొత్త జాకెట్టు కుట్టించుకుని, గంజి పెట్టించి ఇస్త్రీ చేయించండి. జాకెట్టును ఇంటర్వ్యూకు కనీసం వారం ముందే తెచ్చుకుని, ఆ చీరలోనే ఒక పూట కూర్చుని, మెట్లెక్కి, చేతిలో ఫైలు పట్టుకుని నడిచి చూస్తే చంక దగ్గర బిగుతు, కుచ్చిళ్లు జారడం వంటివి ముందే బయటపడతాయి. చెప్పులు మాత్రం కొత్తవి ఆ రోజే తొడగకండి. కరిచే చెప్పుతో ఎవరూ ప్రశాంతంగా జవాబు చెప్పలేరు. బ్యాగు అక్కర్లేదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వరుసగా పెట్టుకునే ఫైలు చాలు. ఇవన్నీ కలిపి రూ.3,000 దాటకుండా చూసుకుని, ఆ మొత్తాన్ని పొదుపులోంచే తీయండి. బ్లేజరే వేసుకోవాలని మనసు ఉంటే స్నేహితురాలిది అడిగి వేసుకోండి లేదా ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి. కార్డు మీద వాయిదాలు, మెడలో గొలుసు తాకట్టు వంటి ఆలోచనలేవీ పెట్టుకోవద్దు.

మిగిలిన రూ.59,000 మీ అత్యవసర నిధి. దాన్ని యూపీఐకి కలపని మరో ఖాతాలో వేసి, నెలనెలా రూ.11,000 మాత్రమే ఇవతలికి తెచ్చుకోండి. ఉద్యోగం వచ్చినా ఈ నిధి అవసరం తీరదు. పోస్టింగు వేరే రాష్ట్రంలో పడితే ప్రయాణం, గది అడ్వాన్సు, మొదటి జీతం వచ్చే దాకా తిండి ఖర్చు అన్నీ ఇందులోంచే వెళ్లాలి, పైగా ఫలితం ఆలస్యమైతే హాస్టల్ వాళ్లు ఆగరు. వీలైతే ఖర్చు ఇంకా తగ్గించుకుని, సాయంత్రం పూట ట్యూషన్లు చెప్పి ఈ నిధిని ఆరు నెలల మొత్తానికి, అంటే రూ.66,000కు చేర్చండి. పాత ఉద్యోగంతో పాటు గ్రూపు ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటే, చిన్న వ్యక్తిగత పాలసీ ఒకటి ఈ నెలలోనే తీసుకోండి.

మంజూరైన రుణాన్ని యాప్‌లోనే రద్దు చేయండి. కాంటాక్టులు, ఫొటోలు చూడడానికి ఇచ్చిన అనుమతులు ఉంటే ఉపసంహరించుకుని, మీ సమాచారం తొలగించాలని కోరిన తర్వాతే యాప్‌ను ఫోన్ నుంచి తీసేయండి.